సెల్లారుకు పోని లిఫ్టు

మొన్న మా బిల్డింగు లిఫ్టు సర్వీసుకి వచ్చిన మెకానిక్ మీద గట్టిగా అరిచాను. పాపం, అతను చేసిన తప్పేమీ లేదు. లోపల బటన్ల పలక తుడుస్తూ, అన్నిటికంటే కింద ఉన్న బటన్ మీద మాసిపోయి అంటుకున్న పట్టీ ముక్కని స్క్రూడ్రైవర్‌తో గీకబోయాడు. "ఆగు! దాన్ని ముట్టుకోకు!" అన్నాను. నా గొంతు నన్నే జడిపించేంత పెద్దగా వినిపించింది. పక్కన చెంప పట్టుకుని నిలబడ్డ పంటి డాక్టరుగారి పేషెంటు నొప్పి మర్చిపోయి నన్ను చూసింది.

"ఏంది మేడమ్, గిది పాత ప్లాస్టర్ ముక్క గదా," అన్నాడు మెకానిక్.

"ప్లాస్టరే గానీ నాయనా, అది..." అని ఆగిపోయాను. నాలుగంతస్తులు ఎక్కేలోపు చెప్పగలిగే సంగతి కాదది. పాత లిఫ్టు నడిపిన ఆమె అయితే మొదలైనా పెట్టేసేది.

అబిడ్స్ నుంచి గన్‌ఫౌండ్రీ వైపు వెళ్లేటప్పుడు చెప్పుల దుకాణం పక్క సందులో ఉంటుంది మా బిల్డింగు. కింద దుకాణాలు, పైన ఐదంతస్తులు, మధ్యలో ఆకాశం కనిపించే ఖాళీ జాగా, ప్రతి అంతస్తులోనూ ఆ ఖాళీ చుట్టూ కటకటాల వరండా. నాలుగో అంతస్తులో లాయరుగారి ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా నేను టైపిస్టుని. యాభై ఆరులో మా తాతగారు బందరు నుంచి గుమాస్తా ఉద్యోగానికి ఈ ఊరొచ్చారు. మూడు తరాలుగా కుర్చీలో కూర్చుని పనిచేసే వంశం మాది, అందుకే నా మోకాళ్లు ఇలా తయారయ్యాయి. కాబట్టి ఆ బిల్డింగులో నాకు అందరికంటే ముఖ్యమైన మనిషి లాయరుగారు కాదు, లిఫ్టు నడిపే ఆమె.

ఆమెకో పేరుండేది. హాజరు పుస్తకంలో రాసి కూడా ఉండేది. కానీ ఎవరూ ఆ పేరుతో పిలవగా నేను వినలేదు. అందరికీ లిఫ్టమ్మే. సన్నగా, పొట్టిగా ఉండేది. ఏజెన్సీ వాళ్లిచ్చిన నీలం కోటు ఎవరో భారీ మనిషి కోసం కుట్టింది, చేతులు రెండు మడతలు పెట్టి వేసుకునేది. అప్పటి లిఫ్టు ఇనప జాలీ తలుపులది. మనిషి పట్టుకుని లాగితే గానీ మూసుకునేది కాదు. లోపల ఒక స్టూలు, దాని మీద నాలుగు మడతల దుప్పటి, దాని మీద ఆమె. ఆరో మనిషి కాలు పెడితే చాలు, "ఐదుగురే సార్. గిది లిఫ్టు, సెవెన్ సీటర్ ఆటో గాదు," అనేది. కోర్టులో జడ్జీలతో వాదించే మా లాయరుగారు ఆ మాటకి ఎదురు చెప్పకుండా దిగిపోవడం నేను కళ్లారా చూశాను.

ఆమె కబుర్లన్నీ అంతస్తుల కొలతలో ఉండేవి. గ్రౌండ్‌లో మొదలుపెట్టిన సంగతి నాలుగో అంతస్తు రాగానే ఎక్కడుంటే అక్కడ తెగిపోయేది. "మిగిలింది దిగేటప్పుడు జెప్త," అని జాలీ లాగేసేది. సాయంత్రం దాకా దావా కాగితాలు టైపు చేస్తూ ఆ మిగిలింది ఏమై ఉంటుందా అని నేను కొట్టుమిట్టాడేదాన్ని. నాంపల్లిలో వాళ్ల పక్కగది పిల్లి పాలగిన్నెలో తల ఇరికించుకున్న కథ పూర్తవడానికి నాకు మూడు రోజులు పట్టింది. మధ్యలో ఆదివారం వచ్చిపడింది మరి.

నాంపల్లి స్టేషను వెనక సందులో ఒక గది, వరండాలో వంట. ఆమె, డిగ్రీ చదివే కూతురు. ఊరు మెదక్ దగ్గర. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులూ లిఫ్టు. జీతం ప్రభుత్వం రాసిపెట్టిన కనీస వేతనం. అందులో ఏజెన్సీ వాళ్ల కోతలు పోగా చేతికొచ్చేది కనీసానికి ఇంకాస్త కింద. ఒకసారి మా లాయరుగారు లిఫ్టులోనే ఆమెకి చట్టం చెప్పబోయారు. "కనీస వేతనం అంటే ఊరికే పెట్టింది కాదమ్మా. ఒక కుటుంబం బతకడానికి తిండికెంత, బట్టకెంత, ఇంటికెంత అని లెక్కగట్టి..."

"లెక్కగట్టినాయన కిరాయికి ఉంటడా సార్, సొంతిల్లా?" అనడిగింది.

లాయరుగారు రెండో అంతస్తు నుంచి నాలుగో అంతస్తు దాకా ఫైలు తిరగేస్తూ నిలబడ్డారు.

ఆమె బతికే పద్ధతులు ఒక్కొక్కటీ నాకు లిఫ్టులోనే తెలిశాయి. ఆడవాళ్లకి బస్సు ఉచితం చేశాక కూడా నాంపల్లి నుంచి అబిడ్స్‌కి నడిచే వచ్చేది. "గింత దూరానికి బస్సెక్కితే మనిషికి సిగ్గుండాలె," అనేది. బస్సు కోఠికి, కూరగాయల కోసం. పొద్దుగూకే వేళ బండ్లవాళ్లు ధర దించేదాకా బస్టాపులో దర్జాగా కూర్చునేది. కండక్టరిచ్చిన జీరో టికెట్లు పారేసేది కాదు, బైబిల్లో గుర్తులుగా పెట్టుకునేది. గ్యాస్ సిలిండర్ మీద సుద్దముక్కతో మొదలుపెట్టిన తారీఖు రాసేది. అన్నం ఒక్క పొంగు వచ్చాక దించేసి గిన్నెని దుప్పట్లో గట్టిగా చుట్టిపెడితే మిగతాది అదే ఉడుకుతుందని నాకూ నేర్పింది. నేనూ ఉత్సాహపడి చేశాను. మా ఆయనకి సంగతి తెలియదు, ఆ దుప్పటి లాగి కప్పుకోబోయాడు. ఆ మంచం మీద మెతుకులు రెండు రోజులు ఏరుకున్నాం.

ఇవన్నీ ఒక ఎత్తు, నెలని ఆమె చూసే తీరు ఒక ఎత్తు. ఆమెకి నెలంటే కిందికి దిగే లిఫ్టు. జీతం పడ్డ రోజు పొద్దున్నే జాలీ తెరుస్తూ, "ఇయ్యాల ఐదో అంతస్తుల ఉన్న మేడమ్!" అనేది. మొదటిసారి విన్నప్పుడు నాకు అర్థం కాలేదు. గ్రౌండ్‌లో నిలబడి ఐదో అంతస్తంటుందేమిటి అనుకున్నాను. పైకి వెళ్తూ విడమరిచి చెప్పింది.

"సూడున్రి. ఐదో అంతస్తుల అందరు లిఫ్టెక్కుతరు. మొట్టమొదలు కిరాయి దిగుతది. బరువు మనిషి, దిగంగనే సగం లిఫ్టు ఖాళీ. నాలుగో అంతస్తుల బియ్యం, నూనె, సిలిండర్ దిగుతయి. మూడో అంతస్తుల కరెంటు బిల్లు, బిడ్డ సెల్లు రీచార్జ్. రెండో అంతస్తుల సబ్బులు, మందుగోలీలు. ఒకటో అంతస్తుల ఎవలు దిగుతరో ప్రభువుకే ఎరుక, సుట్టమో జరమో. గ్రౌండ్‌ల నేనొక్కదాన్నే దిగుత."

"దిగి?"

"దిగి నిలవడ్త. ఫస్టు తారీకు దాంక."

కొన్నాళ్లకి బిల్డింగంతా ఈ భాషే మాట్లాడటం మొదలుపెట్టింది. ఇరవయ్యో తారీఖున పంటి డాక్టరుగారు లిఫ్టెక్కుతూ, "ఏం లిఫ్టమ్మా, ఎందాకా వచ్చావ్?" అనేవారు. "రెండుకు ఒకటికి నడుమ ఇరుక్కున్న సార్," అనేది. అందరూ నవ్వేవాళ్లు. ఆమె అందరికంటే ఎక్కువ నవ్వేది. నెలాఖరున ఎవరైనా, "ఇంక సెల్లారేనా?" అంటే మాత్రం మొహంలో నవ్వు పోయేది. "మన లిఫ్టు సెల్లారుకు పోదు సార్," అనేది. నిజమే, ఆ పాత లిఫ్టు గ్రౌండ్‌తో ఆగిపోయేది. సెల్లారుకి మెట్లు దిగి వెళ్లాల్సిందే.

ఇంకొక అలవాటు చెప్పకపోతే ఆమె బొమ్మ పూర్తికాదు. మధ్యాహ్నం ఒకటిన్నరకి లిఫ్టుని ఐదో అంతస్తుకి తీసుకెళ్లి ఆపేసి, జాలీ తీసి, అక్కడ డబ్బా విప్పేది. పావుగంట ఎవరు బెల్లు కొట్టినా కదిలేది కాదు. కింద జనం గోల పెడుతుంటే నేనే ఓసారి మెట్లెక్కి వెళ్లి కోప్పడ్డాను. "ఆ తినేదేదో కింద తినకూడదా?"

"నెలల ఎన్ని రోజులు కిందుంట మేడమ్! బుక్కెడంత తినేటప్పుడన్న పైన కూసోనియ్యున్రి," అంది. ఆ రోజు తారీఖు ఇరవై ఆరు. డబ్బాలో అన్నం, పచ్చిపులుసు. నాకు కాస్త ముద్ద కలిపి పెట్టింది. నేను వెళ్లింది కోప్పడ్డానికి అన్న సంగతి మర్చిపోయి తినేశాను.

సెల్లార్ అంటే ఆమెకి ఎందుకంత పట్టింపో చెప్పాలి. మా సెల్లారులో స్కూటర్లు, నీళ్ల మోటారు, మెట్ల కింద ఒక బల్ల. ఆ బల్ల వెనక ఫైనాన్సాయన. పొద్దున డబ్బిచ్చి, ఆ సాయంత్రం నుంచే రోజుకింత అని వసూలు చేసే గిరిగిరి ఫైనాన్స్. తెల్లచొక్కా, మెత్తటి మాట. ఎవరు దిగినా లేచి కుర్చీ జరిపేవాడు. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద బెల్టులు, కళ్లజోళ్లు అమ్ముకునేవాళ్లు సగం మంది ఆయన పుస్తకంలో ఉండేవాళ్లు. లిఫ్టమ్మ భర్త ఆటో నడిపేవాడట. బండి రిపేరుకి ఎక్కడో ఇలాంటి బల్ల దగ్గరే తీసుకున్నాడు. ఈ ఒక్క కథ మాత్రం ఆమె ఎక్కడా తెంపకుండా, నన్ను ఐదో అంతస్తు దాకా తీసుకెళ్లి, మళ్లీ గ్రౌండ్‌కి తెచ్చి, మళ్లీ నాలుగుకి ఎక్కించి చెప్పింది.

"పొద్దుమీకి ఇద్దరొస్తుండె. తిట్టరు, తలుపు కొట్టరు. నిలవడ్తరు, గంతే. గల్లీల అందరు సూస్తరు. నా బిడ్డ మంచం కిందికి పోయి హోంవర్కు రాస్తుండె మేడమ్. ఆయన జరమొచ్చి పోయిండు. గా పైసలు ఇంక రెండేండ్లు కట్టిన. గప్పుడు ప్రభువుకు మాటిచ్చిన. ఉంటే తింట, లేకుంటే పండుకుంట. సెల్లారుకు మాత్రం పోను."

నేను తల ఊపి, ఆమె చెయ్యి పట్టుకుని, "బాగా చేశావు," అన్నాను. ఇక్కడ నా భాగోతం కూడా ఒప్పుకోవాలి. ఆ మాట అంటున్న రోజుకి నేను ఫైనాన్సాయన పుస్తకంలో ఉన్నాను. ఆమెకంటే రెండింతల జీతం నాది. మా అపార్టుమెంటులో అందరికీ ఉందని రెండు తలుపుల ఫ్రిజ్ వాయిదాల్లో కొన్నాను. ఇంట్లో ఉన్నది ఇద్దరం, దేనికి రెండు తలుపులో నాకిప్పటికీ తెలియదు. ఆ వాయిదా కట్టలేక సెల్లారులో బల్ల దగ్గర కూర్చున్నాను. మా ఆయనకి చెప్పలేదు. రోజూ ఐదున్నరకి అందరూ వెళ్లిపోయాక, గ్రౌండ్‌లో లిఫ్టు దిగి, ఎవరూ చూడటం లేదనుకుని సెల్లారు మెట్లు దిగేదాన్ని.

ఆ ఎండాకాలం చివర్లో బిల్డింగు ఓనరు కబురు పంపించాడు. పాత లిఫ్టు తీసేసి కొత్తది పెడుతున్నారు. మూడు నెలలు పడుతుంది. లిఫ్టమ్మని ఏజెన్సీ సూపర్‌వైజర్ పిలిచి, లిఫ్టు లేదు కాబట్టి డ్యూటీ లేదు, డ్యూటీ లేదు కాబట్టి జీతం లేదు, కొత్త లిఫ్టు వచ్చాక చూద్దాం అన్నాడు. అన్నది కూడా ఫోన్లోనే.

మూడు నెలలు జీతం లేకుండా నాంపల్లిలో కిరాయి ఎలా కడుతుంది? బిల్డింగులో అందరికీ తోచిన సమాధానం ఒకటే, ఎవరూ పైకి అనలేదు. నేను మాత్రం ఊరుకోలేకపోయాను. ఒక కవరు పట్టుకుని అంతస్తు అంతస్తూ తిరిగాను. అందరూ మంచివాళ్లే, తలా కొంచెం వేశారు. లిఫ్టు విప్పడానికి మనుషులొచ్చిన రోజు, ఆమె తన స్టూలు, దుప్పటి బయట పెట్టుకుని కూర్చుని ఉంటే వెళ్లి ఆ కవరు చేతిలో పెట్టాను. నా మొహం ఎంత దయగా పెట్టానో తల్చుకుంటే ఇప్పటికీ చిరాకేస్తుంది.

కవరు విప్పకుండానే తిరిగిచ్చింది. "లిఫ్టు నడుపకుండనే పైసలా? నా ఒంటికి ఎక్కయి మేడమ్."

"అలా అనకు. అవసరానికి ఉంటాయి, ఉంచు."

చుట్టూ చూసింది. ఎవరూ లేరని తేల్చుకుని, గొంతు తగ్గించింది. "అవసరం మీకే ఎక్కువుంది గదా. మోకాళ్లు నొస్తున్నయని ఒక్క అంతస్తు గూడ ఎక్కరు. రోజు ఐదున్నరకు కిందికి మెట్లెట్ల దిగుతున్రు?"

ఏడాదిగా తెలుసు ఆమెకి! ఏడాదిగా నేను ఆ మెట్లు దిగి, మళ్లీ ఎక్కి, వీధి గుమ్మంలోంచి ఏమీ ఎరగనట్టు వెళ్తుంటే ఆ స్టూలు మీద కూర్చుని చూస్తూనే ఉంది. ఒక్కరికి చెప్పలేదు. సిగ్గుతో నా చెవులు వేడెక్కిపోయాయి. ఆమెకి జాలేసినట్టుంది. నా చేతిలో కవరు మీద తట్టి, "పరేషాన్ గాకున్రి. ఒక పని జెయ్యున్రి. గీ పైసల తోని బిల్డింగుకు తాడు కొనుకరాన్రి," అంది.

"తాడా?"

"నైలాన్ తాడు. ఐదంతస్తుల పొడుగు, దానికి రెండింతలు. నాకు గాదు, బిల్డింగుకు. మిగిలిన పైసలు ఎవలివి వాళ్లకు ఇచ్చేయున్రి."

ఎందుకని అడిగితే, "మిగిలింది రేపు జెప్త," అంది. అలవాటు ఎక్కడికి పోతుంది!

బేగంబజారుకి వెళ్లి తాడు తెచ్చాను. మర్నాడు వచ్చి చూస్తే ఐదో అంతస్తు కటకటాలకి ఇనప గిలక వేలాడుతోంది. వాళ్ల చర్చి వెనక బావి పూడ్చినప్పుడు మూల పడేసిన గిలకని పాస్టరుగారిని అడిగి తెచ్చుకుందట. తాడు ఒక కొసకి పెద్ద వెదురు బుట్ట. నాంపల్లి సందుల్లో మేడల మీది ఆడవాళ్లు కూరగాయల బండి రాగానే బుట్టకి తాడు కట్టి కిందికి వదులుతారు చూడండి, అదే పద్ధతి. కాకపోతే ఇక్కడ లాగేది కింద నిలబడి, బావిలో నీళ్లు తోడినట్టు. లిఫ్టు లేని బిల్డింగులో ఐదంతస్తుల ఆఫీసులకి టిఫిన్ క్యారియర్లు ఎక్కాలి, ఫైళ్లు ఎక్కాలి, కొరియర్ కవర్లు, పంటి డాక్టరుగారు పళ్ల అచ్చులకి వాడే సున్నం డబ్బాలు, టీ ఫ్లాస్కులు ఎక్కాలి. అంతస్తుకి రెండు రూపాయలు.

"నాలుగో అంతస్తూ! లాయర్ సాబ్ టిఫినొచ్చింది! పట్టుకోన్రి, సాంబారుంది!"

ఆ కేక వినగానే మేమంతా కుర్రకారులా వరండాలోకి పరిగెత్తేవాళ్లం. అన్నేళ్లలో ఒకరి మొహం ఒకరు చూసుకోని ఆఫీసుల వాళ్లం, కటకటాల దగ్గర నిలబడి బుట్టకోసం ఎదురుచూస్తూ మాట్లాడుకోవడం నేర్చుకున్నాం. మూడో అంతస్తు వాళ్ల పకోడీలు నాలుగో అంతస్తులో దిగిన రోజు నేను న్యాయం పక్షాన నిలబడలేదు, తినేశాను.

ఇదంతా ఆటలా చెబుతున్నాను గానీ ఆట కాదు. సాయంత్రానికి ఆమె అరచేతులు కందిపోయి ఉండేవి. మొదటి నెల గడిచింది. రెండో నెల కిరాయి వారం ఆలస్యంగా దిగింది. కూతురు పక్కగదుల పిల్లలకి ట్యూషన్ మొదలుపెట్టింది. మూడో నెల వచ్చేసరికి లిఫ్టమ్మ డబ్బా చిన్నదైంది. ఆమె చెప్పలేదు, నేనే చూశాను. అయినా ఒకటిన్నర కాగానే ఆ చిన్న డబ్బా పట్టుకుని, మెట్లెక్కి మెట్లెక్కి ఐదో అంతస్తుకే వెళ్లి తినేది.

ఆ నెలలోనే పెద్ద వాన పడింది. రాత్రి పడ్డ వానకి పొద్దున మేం వచ్చేసరికి సెల్లారులో మోకాలి లోతు నీళ్లు. నేను నాలుగో అంతస్తు వరండాలోంచి కిందికి చూస్తున్నాను. బుట్ట ఎక్కుతోంది, దిగుతోంది. కాసేపటికి ఫైనాన్సాయన ప్యాంటు పైకి మడుచుకుని లిఫ్టమ్మ ఎదురుగా నిలబడి ఉన్నాడు. చేతిలో నోట్ల కట్ట. ఏదో మెత్తగా చెబుతూ ఆ కట్ట ఆమె వైపు జాపాడు. ఆమె చెయ్యి ముందుకొచ్చింది.

అయిపోయింది, ఇన్నాళ్ల పంతం ఆ నీళ్లలో కలిసిపోయింది అనుకున్నాను. మోకాళ్ల సంగతి దేవుడెరుగు, నాలుగంతస్తుల మెట్లు గబగబా దిగాను. దిగుతూ ఒక్కటే అనుకున్నాను, నా ఫ్రిజ్ అమ్మయినా సరే ఆమెని ఆ పుస్తకంలోకి పోనివ్వకూడదని. ఒగరుస్తూ నేను వెళ్లేసరికి ఫైనాన్సాయన మాట ఇంకా నడుస్తోంది.

"మూడు నెలల నుంచి జీతం లేదంట గదా పెద్దమ్మా. పదివేలు ఉంచుకో. నీకైతే వడ్డీ గూడ తక్కువ జేస్త. మనం మనం ఒక్క బిల్డింగోళ్లం."

ఆమె కట్ట వైపు చూడనే లేదు. జాపిన చేతి వేళ్లు మడుస్తోంది. "అన్నా, నీ బుక్కులు, నీ గల్లాపెట్టె, నీ కుర్చి, నీ ఫ్యాను, మొత్తం కలిపి ఎనిమిది సార్లు బుట్ట ఎక్కింది. రెండో అంతస్తు. సారికి నాలుగు రూపాయలు. ముప్పై రెండియ్యి."

"గది గాదు పెద్దమ్మా, నేననేది..."

"నువ్వనేది నాకు ఎరుకే. ముప్పై రెండియ్యి."

ఆయన జేబులోంచి యాభై తీసిచ్చి, ఉంచుకోమన్నాడు. ఆమె కొంగుముడి విప్పి పద్దెనిమిది రూపాయల చిల్లర లెక్కపెట్టి ఆయన తడి చేతిలో పోసింది. అప్పుడు నన్ను చూసింది. మెట్ల మొదట్లో గోడ పట్టుకుని, చెమటలు కారుతూ, ఏడుస్తూ నవ్వుతూ నిలబడి ఉన్నాను. "ఏమాయె మేడమ్? లిఫ్టు లేకున్న గింత జల్ది ఎట్లొచ్చిన్రు?" అంది.

ఆ బిల్డింగులో ఫైనాన్సాయన దగ్గర డబ్బు పుచ్చుకుని తిరిగి కట్టక్కర్లేని మనిషి ఆమె ఒక్కతే. ఆయన కూడా ఆ తర్వాత ఆమె ముందు కాస్త ఒదిగి నడిచేవాడు.

కొత్త లిఫ్టు వచ్చింది. స్టీలు గోడలు, అద్దం, వాటంతటవే మూసుకునే తలుపులు. ఏ అంతస్తొచ్చిందో లోపలినుంచి ఒక అమ్మాయి గొంతు ఇంగ్లీషులో చెబుతుంది. ఇంక నడిపే మనిషి అక్కర్లేదని ఏజెన్సీ తేల్చేసింది. మేం ఓనరు దగ్గరికి వెళ్లి గొడవపడ్డాం, లాయరుగారు నోటీసు కూడా నా చేత టైపు చేయించారు. లిఫ్టమ్మే వద్దంది. అప్పటికే పని చూసుకుంది. నాంపల్లి స్టేషన్ ఎదురుగా ఒక పాత లాడ్జిలో జాలీ లిఫ్టు ఉందట, ఆపరేటర్ మానేశాడట. "ఇంటికాడికెంచి ఐదు నిమిషాలు. చెప్పులు గూడ అరగయి," అంది. జీతం అదే కనీసం.

వెళ్లే రోజు ఆమెని కొత్త లిఫ్టు ఎక్కించాం. జీవితంలో మొదటిసారి ప్యాసింజరుగా ఎక్కింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగు పట్టుకుని నిలబడింది. గొంతు "ఫస్ట్ ఫ్లోర్" అనగానే ఉలిక్కిపడి, "ఆఁ, నాకు కండ్లు లేవా," అంది. అందరం నవ్వాం. తర్వాత బటన్ల పలక దగ్గరికి వంగి చూసింది. ఐదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి, గ్రౌండ్. దాని కింద ఇంకొకటి.

"గిదేంది?"

"సెల్లార్. ఇది కిందికి కూడా పోతుంది," అన్నారు డాక్టరుగారు.

మిగతావాళ్లు ఎవరి అంతస్తులో వాళ్లు దిగిపోయారు. మేమిద్దరమే మిగిలాక చెయ్యి చాపింది. "మేడమ్, మోకాళ్లకు ఏసుకునే పట్టి ఉంటది గదా మీ సంచిల. ఒకటియ్యున్రి."

ఇచ్చాను. పళ్లతో కొరికి ముక్క చింపి, ఆ కింది బటన్ మీద పెట్టి, బొటనవేలితో గట్టిగా నొక్కి అంటించింది. "నాకు అక్కర లేదు. గిది మీ కోసం, అక్కా," అంది. అన్నేళ్లలో మేడమ్ అనకుండా పిలవడం అదే మొదటిసారి. ఆఖరిసారి కూడా.

అప్పటికి నావి ఇంకా పదకొండు రోజుల వాయిదాలున్నాయి. ఆ పదకొండు రోజులూ మెట్ల మీదనుంచే దిగి కట్టాను. పన్నెండో రోజు నుంచి దిగలేదు. స్కూటరు పెట్టుకునేవాళ్లు ఆ పట్టీ మీదే నొక్కుకుంటారు, లిఫ్టు వాళ్లని తీసుకెళ్తుంది. నేను మాత్రం ఇంతవరకు నొక్కలేదు. నాంపల్లి లాడ్జికి రెండుమూడు సార్లు పనిగట్టుకుని వెళ్లాను. ఊరికే లిఫ్టెక్కి, ఆమె కథ సగం పైకి, సగం కిందికి విని వచ్చేదాన్ని. నిరుడు వెళ్తే లాడ్జికి తాళం, కొత్తది కట్టడానికి రేకులు అడ్డం పెట్టారు. నాంపల్లి గదిలో వేరే వాళ్లున్నారు. కూతురికి ఉద్యోగం వచ్చిందని, ఇల్లు మారారని పక్కగది వాళ్లు చెప్పారు. ఎటు వెళ్లారో వాళ్లకీ సరిగా తెలియదు. ఈ ఊళ్లో ఇంకా ఎక్కడో ఒక జాలీ లిఫ్టు మిగిలే ఉంటుంది. మధ్యాహ్నం ఒకటిన్నరకి అది పై అంతస్తులో ఆగిపోయి, కింద జనం బెల్లు కొడుతూ తిట్టుకుంటూ ఉంటారు.

మొన్న మెకానిక్ నా అరుపుకి భయపడి చెయ్యి తీసేశాడు గానీ, అప్పటికే పట్టీ సగం లేచిపోయింది. వంగి పూర్తిగా పీకేశాను. కింద బటన్ కొత్తగా మెరుస్తోంది. సంచిలోంచి ఇంకో పట్టీ తీసి, ఆమెలాగే పళ్లతో కొరికి, బొటనవేలితో నొక్కి అంటించాను. మెకానిక్, పంటి నొప్పి ఆవిడ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఏమైంది మేడమ్, బటన్ ఖరాబైందా?"

"బటన్ బాగానే ఉంది," అన్నాను. "ఇవాళ తారీఖు ఇరవై తొమ్మిది. నేను గ్రౌండ్‌లో ఉన్నాను."